మూడో బల్ల మీద ముప్ఫై ఏడు శాతం

ఆ రిపేరు షాపులో చీకటి పడ్డాక మూడో బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు. కూర్చోమని చెప్పినా కూర్చోరు. జీతం పెంచుతానన్నా — ఒకసారి అన్నారు కూడా — కూర్చోరు.

షాపు ముందుభాగం అంతా మామూలే. గాజు తలుపు, కౌంటరు, గోడకి వరసగా వేలాడే ఛార్జర్లు. కౌంటరు వెనక తెర తీసి లోపలికి వెళితే పొడవాటి గది, అందులో మూడు బల్లలు. మొదటి రెండింటి మీదా స్క్రూడ్రైవర్లు, ఊడదీసిన ఫ్యాన్లు, సగం తాగి వదిలేసిన కాఫీ కప్పులు. మూడోది మాత్రం గది చివర మూలన శుభ్రంగా... మరీ శుభ్రంగా ఉండేది.

ఆ బల్ల మీద రాత్రి మెమరీ పరీక్షకి పెట్టిన కంప్యూటర్ తెల్లారేసరికి కొయ్యబారిపోయి ఉండేది. ఏ మీట నొక్కినా పలకదు. తెర మీద అంకెలు ఎక్కడివక్కడే. ఒకటీ రెండూ కాదు, ఏడాదిలో పదకొండు కంప్యూటర్లు!

ముప్ఫై ఏళ్ళు ఆ బల్ల దగ్గర పనిచేసిన పెద్ద మెకానిక్ పోయి సరిగ్గా ఏడాది. ఆయన షాపు యజమానికి స్వయానా మేనమామ, పని నేర్పిన గురువు. మిగతా అందరికీ తాతయ్య. బతికుండగా తన బల్ల మీద ఎవరు చెయ్యి వేసినా ఒంటికాలి మీద లేచేవాడు. పోయాక కూడా లేస్తున్నాడనే షాపులో వాళ్ళ గట్టి నమ్మకం.

దానికి తోడు ఆయన కుర్చీ ఒకటి. పొద్దున ఊడ్చేవాళ్ళు పైకి లాగి పెట్టినా, ఎవరూ కూర్చోకుండానే ఉన్నట్టుండి 'ఉస్సు'మని నిట్టూర్చి, మెల్లగా... మెల్లగా కిందికి దిగేది. అచ్చం ఎవరో వచ్చి కూర్చున్నట్టు.

ఇక యజమాని విసిగిపోయాడు. పొద్దున్నే వడ్రంగి వచ్చి ఆ బల్ల పట్టుకుపోతాడనీ, ఆ మూలన అట్టపెట్టెలు పేర్చుకుందామనీ చెప్పేశాడు.

ఆ మాట వినగానే ఛార్జరమ్మ కౌంటరు వదిలి పరిగెత్తుకొచ్చింది.

ఛార్జరమ్మ అంటే కౌంటర్లో ఛార్జర్లు అమ్మే పిల్ల. ఆ పేరు పెట్టింది షాపువాళ్ళే. రెండేళ్ళుగా పని అయ్యాక ఇంటికి వెళ్ళకుండా లోపల నిలబడి, చూసి చూసి, అడిగి అడిగి రిపేరు పని నేర్చుకుంది. మొదటి బల్ల ఒకరిది, రెండో బల్ల ఇంకొకరిది. మూడోది పోతే తనకంటూ ఈ జన్మలో బల్ల ఉండదు.

"సార్, ఈ ఒక్క రాత్రి నాకివ్వండి. ఆ బల్ల మీద పెట్టిన కంప్యూటర్ తెల్లారేసరికి పరీక్ష పాసయితే బల్ల నాకిచ్చేయండి."

"పాసవకపోతే?"

"ఛార్జర్లు అమ్ముకుంటాను. మళ్ళీ బల్ల ఊసెత్తను."

యజమాని తలూపి వెళ్ళిపోయాడు. తోడుకి మొదటి బల్ల మెకానిక్ నిమ్మళమన్నని ఉండమన్నాడు. ఎంత తొందర పనైనా నిమ్మళంగా చేస్తాడని అతనికా పేరు. ఆ రాత్రి మాత్రం అతనిలో నిమ్మళం మచ్చుకైనా లేదు.

తొమ్మిదింటికి షట్టరు దించారు.

ఇంటర్నెట్ తీగ గోడలోంచి ఆ మూడో బల్ల దగ్గరికే వస్తుంది. అందుకని ఫర్మ్‌వేర్ — అంటే స్విచ్చి వెయ్యగానే అన్నిటికన్నా ముందు మేలుకుని, కంప్యూటర్‌ని నిద్రలేపే ప్రోగ్రాము — కొత్తది ఎక్కించాలంటే ఆ బల్ల మీదే ఎక్కించాలి. ఎక్కించి, అక్కడే వదిలేసి మెమరీ పరీక్ష పెట్టడం ఆ షాపు పద్ధతి. ఛార్జరమ్మ కూడా రిపేరుకొచ్చిన ఒక కంప్యూటర్ తీసుకుని అలాగే చేసింది. తర్వాత తాతయ్య పెన్‌డ్రైవ్ గుచ్చింది.

షాపు మొత్తానికి పరీక్ష పెట్టే పెన్‌డ్రైవ్ అదొక్కటే. తాతయ్య తన చేత్తో తయారు చేసింది. దాని మీద యజమాని అంటించిన స్టిక్కరు — 'తాతయ్యది. ఎవరూ మార్చకూడదు.'

పరీక్ష మొదలైంది. మెమరీలో ఉన్న ప్రతి అరలోనూ ఒక అంకె రాయడం, మళ్ళీ వెనక్కి వచ్చి రాసింది రాసినట్టే ఉందా అని చదవడం, అంతే దాని పని. పది శాతం... ఇరవై... ముప్ఫై...

ముప్ఫై ఏడు.

ఆగిపోయింది.

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. తెర మాత్రం కదలడం లేదు. సరిగ్గా అప్పుడే, వెనక నుంచి —

ఉస్సు...

కుర్చీ దిగింది.

"వచ్చేశాడు," అన్నాడు నిమ్మళమన్న. "తల్లీ... పోదాం పద."

"కుర్చీని పైకెత్తి నిలబెట్టే గ్యాస్ అయిపోయింది అన్నా. దానికి బతికున్నవాళ్ళతోనూ పనిలేదు, పోయినవాళ్ళతోనూ పనిలేదు."

అలా అందే గానీ, కుర్చీ వైపు మాత్రం తిరగలేదు. కంప్యూటర్ ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు ఇద్దరూ తెర వైపే చూశారు. ముప్ఫై అయిదు... ముప్ఫై ఆరు... ముప్ఫై ఏడు.

మళ్ళీ అక్కడే.

మెమరీ ముక్కలు తీసి వేరేవి పెట్టింది. ముప్ఫై ఏడు. కరెంటు వైరు మార్చింది. ముప్ఫై ఏడు. కీబోర్డు పీకేసి, వేరేది తగిలించింది. ఉహూఁ... ముప్ఫై ఏడే.

"అన్నా, తాతయ్య ఎప్పుడైనా టైముకి వచ్చేవాడా?"

"ఆయనా? పదింటికి రమ్మంటే పన్నెండింటికి వచ్చేవాడు."

"మరి దెయ్యమయ్యాక ఇంత ఠంచనుగా ఎలా వస్తున్నాడు?"

 ఆ ప్రశ్న నిమ్మళమన్నకి నచ్చలేదు. దెయ్యం మీద జోకులు వెయ్యడం దెయ్యం వెళ్ళాక చెయ్యాల్సిన పని అని అతని అభిప్రాయం.

ఛార్జరమ్మ కంప్యూటర్‌ని ఎత్తి పట్టుకుని మొదటి బల్ల వైపు నడిచింది.

"ఏయ్... ఏయ్... అది నా బల్ల!" నిమ్మళమన్న రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. "పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి. రేపు నేనక్కడ కూర్చోవాలి."

"ఒక్క ఇరవై నిమిషాలు అన్నా."

అతన్ని పక్కకి జరిపి పెట్టేసింది. ఇరవై నిమిషాలయ్యాయి.

ముప్ఫై ఏడు. ఆగిపోయింది.

నిమ్మళమన్న పై ప్రాణాలు పైనే పోయాయి. "దెయ్యం నడిచొచ్చేసింది! మూలనున్నదాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టావు కదే!"

ఆమె మాత్రం నిమ్మళమన్న బల్ల కింద నుంచి ఇంకో కంప్యూటర్ తీసింది. ఫ్యాన్ మార్చడానికి వచ్చింది, ఫర్మ్‌వేర్ జోలికి ఎవరూ పోనిది. దాన్ని తీసుకెళ్ళి, దెయ్యం బల్ల అని పేరు మోసిన ఆ మూడో బల్ల మీదే పెట్టి, అదే పెన్‌డ్రైవ్ గుచ్చింది.

ముప్ఫై ఆరు... ముప్ఫై ఏడు...

ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది. నలభై!

ఆమె ఎగిరి గంతేసినంత పనిచేసింది.

"దోషం బల్లది కాదన్నా! కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించినవన్నీ ఇక్కడే పెడుతున్నాం, అందుకని బల్ల మీదకి పోయింది మాట. కొత్త ఫర్మ్‌వేర్ మెమరీలో ఒక అరని తన కోసం ఉంచుకుని తాళం వేసుకుంటోంది. ఈ పాత ప్రోగ్రాముకి ఆ సంగతి తెలీదు. వెళ్ళి ఆ తలుపు కొట్టి... తెల్లారేదాకా అక్కడే నిలబడుతోంది."

"తీస్తారనా?"

"తీస్తారనే. పాపం, అది పాత కాలంది."

ప్రోగ్రాము కొత్తది తెచ్చుకుంటే సరిపోతుంది. కానీ తాతయ్య పెన్‌డ్రైవ్‌లో అక్షరం మారిస్తే యజమాని ఊరుకోడు. మార్చకపోతే పొద్దున్నే బల్ల పోతుంది. ఆమె సంచీలోంచి తన సొంత పెన్‌డ్రైవ్, గులాబీ రంగుది, తీసింది. కొత్త ప్రోగ్రాము అందులోకి దింపి, ఆగిపోయిన కంప్యూటర్‌ని మళ్ళీ మూడో బల్ల మీదకి తెచ్చి, పరీక్ష పెట్టింది. ముప్ఫై ఏడు దగ్గర నిమ్మళమన్న కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి నలభై ఒకటి.

పొద్దున్న ఎనిమిదింటికి షట్టరు లేచింది. ముందు యజమాని, వెనక రంపం పట్టుకుని వడ్రంగి. తెర మీద వంద శాతం, తప్పులు సున్నా.

యజమాని చూపు మాత్రం గులాబీ రంగు పెన్‌డ్రైవ్ మీద పడింది. "మామయ్యది ఏది?"

"పక్కన పెట్టాను సార్. అది పాతబడిపోయింది."

"పక్కన పెట్టావా? ఎవరినడిగి?" ఆయన మొహం ఎర్రబడింది. తాతయ్య పెన్‌డ్రైవ్ తీసుకుని, దెబ్బ తగిలిందేమోనని బొటనవేలితో తడిమాడు. ఏడాదిగా పదిమంది చేతుల్లో నలిగిన స్టిక్కరు... అంచు లేచింది. కింద ఇంకో కాగితం ఉంది. దాని మీద చీమలబారు లాంటి సన్నటి రాత.

"మామయ్య చేతిరాత..." అన్నాడు యజమాని. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని పైకి చదివాడు.

'ఫర్మ్‌వేర్ మార్చినప్పుడల్లా ఇందులో ప్రోగ్రాము కూడా కొత్తది పెట్టాలి. లేకపోతే మధ్యలో ఆగి చస్తుంది. మా మేనల్లుడికి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు, అందుకే రాసి అంటించాను.'



"మరి... దాని మీద ఆ స్టిక్కరు ఎవరు అంటించినట్టు?" అన్నాడు నిమ్మళమన్న, చాలా నిమ్మళంగా.

యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఆయనకే తెలియలేదు. వడ్రంగి వైపు తిరిగి, "బల్ల తియ్యొద్దు. దానికో సొరుగు చెయ్యి, ఈ అమ్మాయి సామాను పెట్టుకోవాలి," అన్నాడు.

 ఛార్జరమ్మ మెల్లగా మూలకి నడిచింది. రాత్రి దిగిన కుర్చీ నేలకి ఆనుకున్నట్టు అలాగే ఉంది. గ్యాస్ అయిపోయిన కుర్చీ. దిగడం తప్ప ఇంకేమీ చేతకాని కుర్చీ.

"తాతయ్యా..." అంది చిన్నగా, మర్యాద కోసం. "కూర్చోనా?"

ఉస్సు...

కుర్చీ లేచింది. మెల్లగా... మెల్లగా... సరిగ్గా ఆమె ఎత్తుకి వచ్చి ఆగింది.

వడ్రంగి రంపం వదిలేసి పరిగెత్తాడు. నిమ్మళమన్న అతనికన్నా ముందే కౌంటరు దగ్గరున్నాడు. ఆ రోజు ఛార్జర్లు అతనే అమ్మాడు. ఇప్పటికీ అతనే అమ్ముతున్నాడు.