ఉతకకూడని టోపీ

మొసలి నోటఁ జిక్కి మొఱవెట్టు కరిరాజు
పిలుపు వినినయట్లె పిల్లిమొఱయు
నాలకించు స్వామి యండగా నిలువంగఁ
గలుగు మనకు జాలిగల మనంబు

ఏనుగు ఎలుగెత్తి పిలిచినా, పిల్లి గొంతులోనే మూలిగినా ఒకే తీరున వినే ఆ శ్రీహరికి మ్రొక్కి, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న థండర్ బే ఊరి కథ చెబుతున్నాను. పిల్లలూ, చెవులు ఇటు పెట్టండి.

దిక్కులేని కుక్కలనూ పిల్లులనూ సాకే షెల్టర్ వెనుక గదిలో వాషింగ్ మెషీన్లు గుడగుడమంటున్నాయి. హెల్మీ మోచేతుల దాకా నురగతో నిలబడి కుక్కల గిన్నెలు తోముతోంది. కిటికీ అవతల మంచులో ఎలైజా ఒక పెద్ద నల్ల కుక్కతో పరుగులు తీస్తున్నాడు.

హెల్మీకి పదమూడేళ్ళు. కుక్కలను తిప్పాలనే ఆశతోనే ఆమె ఈ షెల్టర్‌లో చేరింది. అమ్మ ఒప్పుకున్నది. షెల్టర్ నడిపే రమోనా గారి దగ్గర ఒక పూట కూర్చుని పద్ధతులన్నీ నేర్చుకున్నది. తీరా చేరాక ఆమె చేతికి వచ్చింది కుక్క గొలుసు కాదు, సబ్బు డబ్బా! కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా అక్కడ ఉతుకుడు గదిలోనే మొదలుపెట్టాలి.

ఎలైజా బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. అతడు హెల్మీ కంటే రెండేళ్ళు పెద్ద.

"ఏం మహారాణీ, నీ నురగ రాజ్యం చల్లగా ఉందా?" అన్నాడు.

"నవ్వు, నవ్వు! నువ్వు మాత్రం పుట్టగానే గొలుసు పట్టుకున్నావా?"

"లేదులే. చలికాలమంతా తువ్వాళ్ళు మడతపెట్టాను. రమోనా గారికి నీ పని మీద నమ్మకం కుదరాలి. అప్పుడు ఆవిడే పిలిచి ఇస్తారు."

ఆ మాట హెల్మీ మనసులో నాటుకున్నది. 'ఇవాళే నమ్మకం కుదిరిస్తాను' అనుకున్నది. బుట్టలో వేసిన బట్టలు ఉతికి ఊరుకోలేదు. ఇంకా ఎక్కడ మురికి ఉందా అని బోనులన్నీ వెతికింది.

చివరి బోనులో పుల్లా ఉన్నది. అది ముసలి పిల్లి. యాలకులు వేసి కాల్చిన పుల్లా రొట్టెలాగే గోధుమరంగులో ఉంటుందని దానికి ఆ పేరు. ఒక పాత బూడిదరంగు స్వెటర్‌లో ముక్కు దూర్చి పడుకున్నది. ఆ స్వెటర్ నిండా వెంట్రుకలు! పొగబెట్టిన చేపల కంపు!

"ఛీ, ఇందులో ఎలా పడుకున్నావే?" అంటూ హెల్మీ స్వెటర్‌ను మెల్లగా లాగింది.

పుల్లా "మ్యావ్" అంటూ ఒక పాదం స్వెటర్ మీద వేసింది.

"నీ మంచికేలే. ఎంత శుభ్రం చేసి తెస్తానో చూడు."

సువాసన సబ్బు వేసి ఉతికింది. ఆరబెట్టి, నాలుగు మూలలూ కలిపి మడిచి, మళ్ళీ బోనులో పెట్టింది.

ఆ శనివారం సాయంత్రం రమోనా గారు వచ్చి చూశారు. బోనులన్నీ తళతళలాడుతున్నాయి.

"శెభాష్! సోమవారం బడి అవగానే రా. కుక్కను తిప్పడం నేర్పిస్తాను," అన్నారు.

ఆ రాత్రి హెల్మీకి సంతోషంతో అన్నం కూడా సయించలేదు.

సోమవారం రానే వచ్చింది. రమోనా గారు గొలుసు తెచ్చి హెల్మీ చేతిలో పెట్టారు. గొలుసు చివర మూస్ అనే నల్ల కుక్క తోక ఊపుతూ నిలబడి ఉన్నది. అయితే రమోనా గారి ముఖంలో నవ్వు లేదు.

"పుల్లా శనివారం నుంచి ఏమీ ముట్టలేదు," అన్నారు. "డాక్టరు చూశారు, జబ్బేమీ లేదట. పిల్లులు ఇలా తిండి మానేస్తే కాలేయం చెడిపోతుంది. రేపటికీ తినకపోతే గొట్టం వేసి తినిపించాలి. ముసలి ప్రాణం, తట్టుకుంటుందో లేదో!"

"మొన్నటిదాకా ఆ స్వెటర్ వదిలేదే కాదు కదా! ఇప్పుడు దాని వైపైనా చూడదేం?" అన్నాడు ఎలైజా.

హెల్మీ బోను వైపు చూసింది. స్వెటర్ తాను మడిచినట్టే ఒక మూల ఉన్నది. పుల్లా మరో మూల గోడకు ముఖం పెట్టి కూర్చున్నది. స్వెటర్ నుంచి సబ్బు వాసన గుప్పుమంటున్నది.

తాను ఉతికినందుకే పుల్లా తినడం మానేసిందని హెల్మీకి అర్థమైంది.

ఎవరికీ తెలియదు. తలుపు ఎదురుగానే ఉన్నది. మూస్ గొలుసు లాగుతున్నది. ఇప్పుడు నోరు విప్పితే ఈ గొలుసు పోతుంది. అసలు మళ్ళీ రావద్దంటే?

పుల్లా పక్కటెముకలు మెల్లగా ఎగిసిపడుతున్నాయి.

హెల్మీ గొలుసును రమోనా గారికి తిరిగి ఇచ్చేసింది.

"ఆ స్వెటర్ ఉతికింది నేనేనండీ. బుట్టలో లేదు. మిమ్మల్ని అడగలేదు. పుల్లా కింద నుంచి నేనే లాగేశాను." వేలితో స్వెటర్‌ను చూపించింది. "అది ఎవరిదండీ?"

 రమోనా గారు గట్టిగా ఊపిరి వదిలి, "టోయ్వో తాతగారిది. సరస్సులో చేపలు పట్టేవారు. కాలు విరిగి వృద్ధాశ్రమంలో చేరారు. అక్కడ పిల్లిని ఉండనివ్వరు. నీకు ముందే చెప్పి ఉండాల్సింది నేను," అన్నారు.

"ఆయన ఒంటి మీది బట్ట ఇంకొకటి దొరికితే తింటుందా?"

"తినవచ్చు. కానీ షెల్టర్ వదిలి నేనెలా వెళ్ళను?"

"నేను వెళతాను. అమ్మ కారులో తీసుకెళుతుంది."

వృద్ధాశ్రమంలో టోయ్వో తాతగారు కిటికీ పక్కన కాఫీ తాగుతున్నారు. తలకు నల్లబడిన ఊలు టోపీ ఉన్నది. హెల్మీ తడబడుతూ జరిగింది చెప్పింది.

"నా స్వెటర్‌ను ఉతికావా!" అన్నారాయన కళ్ళు పెద్దవి చేసి. "మా ఆవిడ దానితో ముప్పై ఏళ్ళు పోరాడి ఓడిపోయింది, పాపం. నువ్వు ఒక్క పూటలో గెలిచావన్నమాట!"

హెల్మీకి నవ్వు రాలేదు. "పుల్లా ఏమీ తినడం లేదు తాతగారూ," అన్నది.

ఆయన చేతిలో కప్పు ఆగిపోయింది. వెంటనే తల మీది టోపీ తీసి ఇచ్చారు.

"రాత్రింబవళ్ళు నా నెత్తి మీదే ఉంటుంది ఇది. చేపలూ, పొగా, చెమటా, అన్నీ ఉన్నాయి. పరుగెత్తు! దీనిని మాత్రం ఉతక్కు తల్లీ!"

అమ్మ టోపీని సంచిలో పెట్టి, వాసన పోకుండా మూతి బిగించింది. గుమ్మం దాకా వెళ్ళిన హెల్మీ వెనుదిరిగి చూసింది. తాతగారి బట్టతల వెలవెలబోతున్నది. గిరుక్కున వెనక్కి వచ్చి, తన ఎర్ర టోపీని ఆయన తలకు తొడిగింది. దాని కొసన పెద్ద ఊలు బంతి ఉన్నది.

"ఎలా ఉన్నాను?" అన్నారాయన.

"పెళ్ళికొడుకులా ఉన్నారు," అన్నది అమ్మ.

షెల్టర్‌లో అందరూ చివరి బోను ముందు నిలబడ్డారు. హెల్మీ టోపీని బోనులో పెట్టి, పక్కన గిన్నె ఉంచి, దూరంగా జరిగింది.

పుల్లా కదల్లేదు. కాసేపటికి దాని చెవి ఒకటి తిరిగింది. తరువాత ముక్కు అదిరింది. మెల్లగా లేచి, టోపీ దగ్గరకు వచ్చి, తల అందులో దూర్చింది. ముందుకాళ్ళతో దానిని పిసికింది. హాయిగా గుర్రుమన్నది! ఆపైన తల పైకెత్తి, గిన్నె వైపు తిరిగి, ఒక ముద్ద నోట పెట్టుకున్నది. ఇంకొక ముద్ద. ఇంకొకటి!

"తింటోంది! తింటోంది!" ఎలైజా బకెట్ బోర్లించి డప్పు కొట్టాడు. షెల్టర్‌లోని కుక్కలన్నీ ఒక్క గొంతుతో మొరిగాయి. రమోనా గారు కళ్ళు తుడుచుకుంటూ, "ఒరేయ్, ఆపరా! అది బెదిరిపోతుంది!" అన్నారు. పుల్లా మాత్రం గిన్నె అడుగు నాకేదాకా తల ఎత్తలేదు.

తరువాతి శనివారం రమోనా గారు గొలుసు చేతికిస్తే హెల్మీ తీసుకున్నది. "ఇంకొక్క చిన్న పని చేసి వస్తానండీ," అని జేబులో నుంచి ఊలు ఉండ తీసింది. అమ్మ ఎర్ర టోపీ అల్లగా మిగిలిన ఊలు అది. జంతువులతో పాటు వాటి ఇంటి నుంచి వచ్చిన బట్టలు ఏయే బోనుల్లో ఉన్నాయో రమోనా గారిని అడిగి, ఆ బోనుల కడ్డీలకల్లా ఒక్కో ఎర్ర దారం కట్టింది.

అప్పుడే కొత్తగా చేరిన ఒక అమ్మాయి చివరి బోను తలుపు తెరిచి, "అబ్బా, ఏం కంపు! ఈ టోపీ ఉతికేస్తాను!" అన్నది.

హెల్మీ ఒక్క ఉదుటున వెళ్ళి ఆ అమ్మాయి చేయి పట్టుకున్నది.

"ఎర్ర దారం ఉంటే ముందు అడగాలి. ఆ టోపీ ఎవరిదో తెలుసా? అదిగో, చూడు!"

ముందు గుమ్మంలోంచి చక్రాల కుర్చీ ఒకటి లోపలికి వస్తున్నది. అందులో ఎర్ర టోపీ, దాని మీద ఎగిరెగిరి పడే ఊలు బంతి, దాని కింద టోయ్వో తాతగారి బోసినవ్వు! పుల్లా బోనులోంచి దూకి, ముసలితనం మరచి పరుగెత్తి, ఆయన ఒడిలో వాలింది.

ఈ కథ విన్న పిల్లల ఇంట పాలగిన్నె నిండుగా ఉండుగాక. వారి చేతుల్లో నోరులేని ప్రాణులు నిర్భయంగా నిద్రించుగాక. వినిపించిన పెద్దలకు, విననున్న పసివారికి శ్రీహరి చల్లని చూపు తోడై నిలుచుగాక.