జంబో దిగే చోట

"నిచ్చెన ఏదే?"

"కంచెకి ఆనించాను."

"అటక మీది గిన్నె ఎగిరి అందుకోనా?"

"స్టూలు వేసుకో అమ్మా!"

"ఆ స్టూలేదో నువ్వే వేసుకోరాదూ?"

"కంచె పైనుంచి ఫోటో తీయాలంటే స్టూలు చాలదు. నీ గిన్నెకి చాలుతుంది."

మైఖావ్ తీరంలో, విమానాశ్రయం రన్‌వే ఎదురుగా, ఇంటి ముందే కొట్టు పెట్టి సమోన్ కోడి కాల్చి అమ్ముతుంది. ఆవిడ కూతురు ఖ్వాన్ ఒకప్పుడు విమానమొస్తే చెవులు మూసుకునేది. కిందటేడాది చివర్లో గొడుగేసుకుని ఇసుకలో నడుస్తూ ఒకతని కెమెరాకి సరిగ్గా అడ్డమొచ్చింది.

"గొడుగమ్మా, పక్కకి!"

"సముద్రం మీ పేర రాసిచ్చారా?"

అతను స్కూల్లో సైన్సు చెప్పే థానెత్. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. సారీ చెప్పడానికి ఒకసారి, తన పాత కెమెరా ఇవ్వడానికి ఒకసారి, ఏ కారణమూ లేకుండా చాలాసార్లు.

నాలుగు ఇంజిన్ల ముసలి జంబో విమానం ఇవాళ ఆఖరిసారి వస్తోంది. "జంబో దిగే చోట ఉండు. నీకో మాట చెప్పాలి," అన్నాడు నిన్న. ఆ మాటేమిటో ఖ్వాన్ అప్పుడే ఊహించేసింది. దిగే చోటంటే ఎలాగూ తమ కొట్టు ముందే.

ఇంతలో పొయ్యి పొగ ఆమె కళ్లలోకి కొట్టింది. రోజూ సముద్రం మీదికి పోయే పొగ ఇవాళ ఇంట్లోకి వస్తోంది!

గాలి తిరిగింది. విమానం గాలికి ఎదురుగానే దిగుతుంది. అంటే జంబో తీరం వైపు నుంచి రాదు, అవతల ఊరి వైపు నుంచి వస్తుంది.

ఫోన్ మాట మరిచిపోయి, నిచ్చెన బండికి కట్టుకుని పెరటి దారిన దూకించింది.

ఊరి వైపు కంచె దగ్గర జనం. నిచ్చెనెక్కింది. జంబో కొబ్బరి చెట్ల తలలు ఊపుతూ, ఆమె గుండెను కూడా ఊపేస్తూ నెత్తి మీదుగా దిగింది. కెమెరా మీట నొక్కింది. వచ్చింది ఫోటో!

దిగి వెతికింది. థానెత్ లేడు. అందరూ వెళ్లిపోయారు. అతను రాలేదు.

కోపంతో ఇల్లు చేరేసరికి ఇసుకలో కూర్చుని ఉన్నాడు, ఎండకి ముఖం కందిపోయి. కెమెరా మూత కూడా తీయలేదు.

"గాలి మారిందని తెలీదా మీకు?"

"తెలుసు. అందరూ అటు పరిగెత్తారు. నీకు తెలీదేమోనని ఆగాను."

"నాకు తెలీదా! దిగే చోట అన్నారుగా, అటే వెళ్లాను."

"ఫోన్ ఎత్తవేం?"

"ఇంట్లో వదిలేశాను. మరి జంబో?"

"పోయింది. నువ్వు తీశావా?"

చూపించింది. చాలాసేపు చూశాడు. కళ్లు మెరిశాయి.

"ఫోటోలో ఎడమ రెక్క చివర తెగిపోయింది."

"జంబోనే వదిలేసినవారికి రెక్క చివర కావాలా?" అంటూ గుప్పెడు ఇసుక విసిరింది.

"అన్నానికి రండి, ఇద్దరూ!" అని సమోన్ కేక.

చాప మీద అన్నం, గుడ్డట్టు, పుల్లకూర. సమోన్ అతని పళ్లెంలో మళ్లీ వడ్డిస్తూ అంది.

"ఖ్వాన్ ఏదని అడిగాడే. నిచ్చెన గొడవకి అలిగి పోయింది, వస్తుందిలే అన్నాను. ఎప్పుడూ ఆకాశం తప్ప చూడని మనిషి, ఇవాళ నెత్తి మీదుగా విమానాలు లేస్తుంటే దారి వంకే చూస్తూ కూర్చున్నాడు. ఏం నాయనా, దీనికేదో చెప్పాలట?"

థానెత్‌కి పచ్చిమిరపకాయ అడ్డం పడింది. దగ్గుతూ నీళ్లకోసం చెయ్యి చాచాడు.

"చెప్పలేరులే," అంది ఖ్వాన్ గ్లాసు అందిస్తూ. "పెళ్లి చేసుకుందామని అమ్మా. నేను సరేనన్నాను."

"నేనింకా అడగందే!"

"అయితే కాదంటారా?"

అతను గబగబా తల అడ్డంగా ఊపాడు. సమోన్ నవ్వాపుకుంటూ చెంచా కింద పెట్టింది.

"ఆదివారం మీ అమ్మనీ నాన్ననీ తీసుకురా. విమానాలు చూడ్డానికి కాదు. పిల్లనడగడానికి."