గుండయ్యోరి మట్టికోటల పిలుపు

రాండ్లి పిల్లలూ, జర దగ్గరికొచ్చి కూసోండ్లి. ఓ రాజుబాయీ, ఎనుకకు చూడకు... అటు ఏం లేదు.

ప్రాణహిత ఒడ్డున గుండయ్యోరి మట్టికోట ఉన్నది గదా — పొద్దుగూకితే అటు ఎవ్వరూ పోరు. కోటంటే రాజులది గాదు. గుండ్రంగ మందపు మట్టిగోడ, దానికి ఆనుకొని లోపల వరుసగా అర్రలు, నడుమ అందరికీ ఒక్కటే వాకిలి జాగ. బయటికి కిటికీ లేదు. ఉన్నది ఒక్కటే దర్వాజ. వంశమంతా అండ్లనే ఉండేటోళ్లు. రాత్రి గడియ పెట్టేముందు ఇంటి పెద్దావిడ ఒక్కొక్కరిని పేరుపెట్టి, ఒక్కసారి పిలిచేది. అందరూ "ఉన్న" అంటేనే గడియ.

ఎనభై ఆరు వరదకు అందరూ తలో దిక్కు పోయిండ్లు. అర్రలు కూలినయ్. కానీ పిలుపు ఆగలేదు...

"జంగూ..."

"పోశం..."

చీకట్ల ఒక్కసారే పిలిస్తే అది దెయ్యమని, పలికితే పానం పోతదని మనోళ్ల నమ్మకం. ఇగ ఎవరు పలుకుతరు?

గాజులమ్మే ముత్తక్క చెప్పంగ విన్నది చెప్తున్న. ఒకనాడు ఆమె బస్సు తప్పి, ఒంటరిగా అటు నడిచొస్తాంది. పిలుపు వినపడ్డది. అంతల — దగ్గు!

"దెయ్యానికి దగ్గేంది?" అనుకొని దర్వాజల తొంగి చూసింది. జంగు, పోశంల తల్లి వెంకటవ్వ. గడియ చేతిల పట్టుకొని నిలబడ్డది.

"ఒక్కదానివేనా అవ్వా?" గుసగుసగా అడిగింది.

"పొలం కాడికి పోయిండ్లు బిడ్డా... వస్తరు. రాకుండ గడియెట్ల పెడ్త?"

తెల్లారి ముత్తక్క అహేరిల ఉంటున్న పెద్దకొడుకు జంగును పట్టుకొని తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టింది. జంగు నోరెళ్లబెట్టిండు.

"అవ్వ కమలాపూర్ల మా తమ్ముని కాడ లేదా?"

పోశమేమో అన్న కాడున్నదనుకున్నడు. అన్నదమ్ములకు మాటల్లేవు మరి.

మునిమాపుకే జంగు ఉరికొచ్చి దర్వాజ బయట నిలబడ్డడు. లోపల్నుంచి —

"జంగూ..."

జంగు పలికిండు.

"ఉన్ననే, అవ్వా."

వరదొచ్చిన కాడ్నుంచి ఒక్కరన్నా పలకని ఇల్లది, పిల్లలూ...

"ఎవరది..." ముసల్ది అడిగింది. "దెయ్యమా?"

ధన్‌మని గడియ పడ్డది.

తర్వాతనా? ఏముంటది... తెల్లారేదాక దర్వాజకు ఆనుకొని "ఉన్ననే... ఉన్ననే..." అనుకుంట కూసున్నడట.

ఇగ లేవుండ్లి. అగో, ఇండ్లల్ల బువ్వకు పిలుస్తున్నరు.