అమ్మమ్మ జీవిత కథలో ఆఖరి పేరా

“దైవభక్తురాలు, కష్టజీవి, అందరికీ తల్లి. ఇంకేం కావాలే?” మూడోసారి అన్నాడు క్వామినా మామయ్య.

“అది ఎవరి గురించైనా రాయొచ్చు మామయ్యా! మొన్న పోయిన మాస్టారి పుస్తకంలోనూ అదే ఉంది!” ఎకువా తగ్గలేదు.

“శనివారం అంత్యక్రియలకి కేప్‌కోస్ట్ ఊరంతా వచ్చి చదువుతుంది. పరువు పోకూడదు.”

అమ్మమ్మ ఫొటోతో పోస్టర్లు గోడలకెక్కాయి. ఆ రోజు వచ్చినవాళ్లకి పంచే జీవిత కథ పుస్తకమే మిగిలింది. ఇంటిపెద్ద మామయ్య ఊఁ అంటేనే అచ్చుకు వెళ్తుంది.

ప్రెస్సులో పనిచేసే ఫీఫీ మొదట తెచ్చిన ప్రతిలో అమ్మమ్మ నలభై ఏళ్లు లారీ నడిపిందని ఉంది. ఎవరిదో పాత కాగితంలో పేరు మార్చి తెచ్చాడు!

“మా అమ్మమ్మకి లారీ ఎక్కాలంటేనే భయం,” అని ఎకువా ఆ కాగితం అతని చేతిలోనే పెట్టేసింది. “ఇంటిముందు పులిసిన మొక్కజొన్న పిండితో కెంకీ ముద్దలు ఉడికించి అమ్మిన మనిషి. రోజూ కొనుక్కెళ్లేవాడివి, నీకు తెలీదూ?”

ఫీఫీ తల దించుకున్నాడు. రెండు రోజులు బజారంతా తిరిగి, అడిగి, కొత్తగా రాసుకొచ్చాడు.

“సరే, చదువు,” అన్నాడు మామయ్య విసుగ్గా.

ఎకువా ఫీఫీ తెచ్చిన కొత్త కాగితం అందుకుని చదివింది. “లూడోలో తొండి చేసేది. పట్టుబడితే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేది.”

అత్తయ్య ఫక్కున నవ్వింది.

“చేపలమ్మే మన్సాతో మూడేళ్లు మాటల్లేవు. మన్సాకి జ్వరమొస్తే వారం రోజులూ వేడి కెంకీ గడపలో పెట్టి, పిలవకుండా వచ్చేసేది.”

మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఎవరి ఆకలి ఏమిటో ముఖం చూసి చెప్పేది. పులిసిన పిండి వాసనే పడని ఒకబ్బాయి రెండేళ్లు రోజూ కెంకీ కొన్నాడు. పొట్లం కడుతూ, ‘ఎకువా లోపలుంది, కాస్త ఆగు’ అనేది...”

ఎకువా కాగితం మీంచి తలెత్తింది.

“ఎవడా అబ్బాయి?” అన్నాడు మామయ్య.

ఫీఫీ లేచి నిలబడ్డాడు. “నేనేనండీ. తీసేయమంటే తీసేస్తాను. రాయకుండా మాత్రం ఉండలేకపోయాను.”

“మరి ఆ కెంకీలన్నీ ఏం చేశావు?” ఎకువా నోరు ఊరుకోలేదు.

“మా అన్నయ్య తిన్నాడు. ఇప్పుడు వాడికి పాత చొక్కాలేవీ పట్టడం లేదు.”

ఇల్లంతా గొల్లున నవ్వింది. మామయ్య మాత్రం మేనకోడలినే చూస్తున్నాడు. “నువ్వేమంటావే?”

“ఆ పేరా తీస్తే ఒప్పుకోను,” అంది ఎకువా, ఫీఫీ వైపు చూడకుండా.

నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, మామయ్య మెల్లగా అందరికీ చెప్పాడు. “ఉన్నదున్నట్టు అచ్చు వేయించండి. నలభయ్యో రోజు సంతాపం దాటాక ఈ అబ్బాయి పెద్దవాళ్లు ఎకువాని పెళ్లికి అడగడానికి మన తలుపు తడతారు. ఆ వారం ఎవరూ ఊరెళ్లకండి.”