ఐరా పాలపన్ను

2074 నాటికి కాకినాడలో ఊడిన పాలపన్నును ఇంటికప్పు మీదకు విసిరే పిల్లలే లేరు. ప్రతి ఇంటి ఫ్రిజ్‌లోనూ వేలెడంత దంతపేటిక ఉండేది. పన్ను ఊడగానే అందులో వేస్తే దానిలోని మూలకణాలు చావవు. ఆసుపత్రిలో ‘అంకురిణి’ అనే యంత్రం వాటిని కాలేయ కణాలుగా పెంచేది. వాటిని రక్తనాళంలోకి ఎక్కిస్తే, రాయిలా గట్టిపడిన కాలేయం కూడా చిగురు వేసేది.

అన్విత భర్త సూరిబాబుకు సిర్రోసిస్. పొట్ట నీరు పట్టి కుండలా ఉబ్బింది. కళ్లు పసుపు ముద్దలయ్యాయి. అతని సొంత కణాలను తాగుడు ఎప్పుడో తినేసింది. ఇక ఆరేళ్ల కూతురు ఐరా పన్నే దిక్కు. అది కదలడం మొదలైన దగ్గరనుంచి అన్వితకు కుదురు లేదు. అన్నంతోపాటు మింగేస్తుందేమోనని ముద్ద ముద్దకీ పిల్ల నోరు చూసేది.

చివరికి జామకాయ కొరికితే ఊడింది. నెల తిరిగేసరికి దాని కణాలు సూరిబాబు రక్తంలోకి ఎక్కాయి.

"ఇది పసి కాలేయం అండీ. మద్యం చుక్క కూడా తట్టుకోలేదు," అంది డాక్టర్ తబస్సుమ్.

"ఇంక సీసా మొహం చూస్తే ఒట్టు డాక్టరమ్మా! మా పిల్ల మీద ఒట్టు!"

అన్విత అడ్డొచ్చింది. "దాని మీదెందుకండీ? మీ మీద వేసుకోండి."

పొట్ట తగ్గింది. సూరిబాబు లేచి తిరిగాడు, కడుపునిండా తిన్నాడు. ఒక సాయంత్రం మాత్రం గేటు దగ్గరే కూలబడి వాంతి చేసుకున్నాడు. ఆ వాసన అన్వితకు కొత్త కాదు.

"కొన్ని కణాలు పోయాయి. మిగిలినవి చాలు, తాగకపోతే," అంది డాక్టర్.

"పోతే మళ్లీ వేయొచ్చా?" అన్నాడు సూరిబాబు.

"ఇంకో పన్ను ఉంటే వేయొచ్చు."

అతని మొహం తేటపడింది. ఇంటికి రాగానే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని చాక్లెట్ చేతిలో పెట్టాడు.

"ఏదీ, నోరు తెరువు బంగారం."

"నొప్పి నాన్నా!"

"ఊరికే చూస్తున్నాలేమ్మా." భార్య వైపు తిరిగి నవ్వాడు. "ఇంకా పంతొమ్మిది ఉన్నాయే. ఎందుకలా దిగులు మొహం?"

అన్విత పిల్లను అతని ఒళ్లోంచి ఎత్తుకుంది.

రెండో పన్ను ఊడిన రోజు ఆమె దాన్ని పేటికలో వేయలేదు. పేడ దొరక్క తడిమట్టిలో చుట్టింది. చిన్నప్పుడు తన తల్లి చేసినట్టే పిల్లను చంకనెత్తుకుని వాకిట్లోకి వచ్చింది.

"విసురు తల్లీ. గట్టిగా."

మట్టిముద్ద కప్పు మీది సోలార్ పలకపై టక్కుమని పడింది.

లోపల సూరిబాబు పేటిక మూత తెరిచిన చప్పుడైంది. పేటికలో పన్ను లేదు.