ఖాళీ కార్ఖానా అమ్మకం

"సార్, గోదాం కింద మమ్ముల తాళమేసి పెట్టిండ్రు. మీద ఖాళీ అని చెప్పి అమ్ముతున్నరు. జల్ది..."

ఫోన్ రికార్డింగ్‌లో మొగిలి గొంతు అక్కడితో ఆగిపోయింది. తర్వాత వినిపించిన చిన్న శబ్దం సైలెన్సర్ బిగించిన పిస్టల్‌దని సీక్రెట్ ఏజెంట్ దేవేందర్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కోరుట్ల బస్టాండ్ ఎదుట, గల్ఫ్ టికెట్లు అమ్మే ట్రావెల్స్ ఆఫీసు పైగది అది. కింద పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు కొత్త బ్యాగుల మీద పేర్లు రాయించుకుంటున్నారు. పైన చీఫ్ ఫోన్ పక్కన పెట్టి, ఒక ఫొటో టేబుల్ మీదికి తోశాడు.

"గల్ఫ్‌లో ఒక పైపుల ఫ్యాక్టరీ. మూతపడి చాలా ఏళ్లయింది. వెనకే ఆయిల్ పైప్‌లైన్. అమ్ముతున్నది విక్టర్ ముఠా. కొనేవాడు ఇండియన్ అయితేనే అమ్ముతారట."

"ఎందుకని?"

"సంతకం కాగానే పేల్చేస్తారు. పైప్‌లైన్ అంటుకుంటుంది. బిల్డింగ్ ఇండియన్‌ది, లోపల దొరికే శవాలు ఇండియన్లవి. నేరం ఎవరి మీద పడుతుందో నువ్వే చెప్పు."

"లోపల ఎవరున్నారు?"

"జగిత్యాల, సిరిసిల్ల వైపు కూలీలు. వాళ్లలో మొగిలి ఒక్కడే మనకు కబురు పంపగలిగాడు. అతని శవం రోడ్డు పక్కన దొరికింది, అక్కడి మార్చురీలో ఉంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "నదియా అని ఒక బ్రోకర్ ఉంది. ముఠా మనిషి, మనకూ వార్తలు చేరవేస్తుంది. ఏ దేశమో తెలీదు. ఎవరి పక్షమో అంతకన్నా తెలీదు. నమ్మకు."

నాలుగు రోజుల తర్వాత ముంబై పారిశ్రామికవేత్త మెహతాగా దేవేందర్ ఆ ఫ్యాక్టరీలో అడుగుపెట్టాడు. నెరిసిన విగ్గు, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, పెన్నులో దాచిన కట్టర్. నదియా ఎదురొచ్చింది. నల్ల కళ్లజోడు, ఎర్రటి లిప్‌స్టిక్, మనిషి కంటే ముందే గదిలోకి వచ్చే సెంటు. చక్కటి ఇంగ్లీషులో ప్రతి గదీ చూపించింది, నేలమాళిగ తలుపు తప్ప. దానికి నంబర్ లాక్ ఉంది.

ఆఫీసు గదిలో విక్టర్ కాగితాలు పరిచాడు. దేవేందర్ సంతకం పెడుతూ అనుకోకుండా నదియా చేతులు చూశాడు. ఆమె టిష్యూ పేపర్ ముక్క చింపి, అరచేతిలో పరిచి, సన్నగా చుట్టి, కొసను బొటనవేలి గోటితో లోపలికి మడిచింది. పక్కన పెట్టింది. ఇంకోటి చింపింది. తను ఏం చేస్తోందో ఆమెకే తెలియదు.

దేవేందర్ పెన్ను ఆగింది. సిరిసిల్లలో తండ్రి మరమగ్గం నడిపితే తల్లి బీడీలు చుట్టి అతన్ని పెంచింది. చాట ఒళ్లో పెట్టుకుని మాట్లాడుతూ చుట్టేది, ఏడుస్తూ చుట్టేది, కునుకుతూ కూడా చుట్టేది. ఏ ఫంక్షన్‌లోనో ఊరికే కూర్చోబెడితే చేతికందిన కాగితాన్ని చుట్టేసేది. తునికాకు పట్టి పెరిగిన వేళ్లకు తప్ప ఆ మడత రాదు. ఆ అలవాటు మాన్పించే ట్రైనింగ్ ఏ దేశంలోనూ లేదు.

సంతకం చూసి విక్టర్ నవ్వాడు. మిగతా పని నదియా చూస్తుందని చెప్పి కారెక్కాడు. అంటే టైమర్ మొదలైంది.

"ఏ ఊరక్కా మీది?" అన్నాడు దేవేందర్.

ఆమె చేతిలోని టిష్యూ కింద పడింది. నెమ్మదిగా కళ్లజోడు తీసింది.

"పెగడపల్లి. నా పేరు సరిత. ఇంట్ల పనికని అచ్చిన, పాస్‌పోర్ట్ గుంజుకొని, ఇంగ్లీషు నేర్పి గీ ఏషమేసిండ్రు. నువ్వెవలు తమ్మీ?"

"సిరిసిల్లోణ్ణి. అక్కా, కింది తలుపు తియ్యి. గీ బిల్డింగ్ పేలుతది. నిన్ను గూడ సావమనే ఇడిసిపోయిండు."

"అబద్ధం! అమ్ముడువోయినంక అందరిని ఇంటికి తోలుతనన్నడు. తలుపు ముట్టుకుంటె మా తమ్మున్ని సంపుతనన్నడు."

"పేరేంది?"

"మొగిలి."

మార్చురీలో ఉన్న శవం ఈమె తమ్ముడిది. నిజం చెబితే ఆమె ఇక్కడే కూలబడుతుంది, నంబర్ ఆమెతోనే ఉండిపోతుంది, లోపలివాళ్లు మాడిపోతారు. ట్రైనింగ్ నేర్పింది అదే.

"మా తమ్ముడు కింద గండ్ల ఉన్నడా తమ్మీ?"

"ఉన్నడక్కా."

ఆమె హైహీల్స్ విసిరేసి పరుగెత్తింది. నంబర్ నొక్కింది. తలుపు తెరుచుకోగానే మాసిన గడ్డాలతో, వెలుగు చూడలేక కళ్లు చికిలిస్తూ మనుషులు తోసుకుంటూ వచ్చారు. దేవేందర్ వాళ్లకు ఎదురుగా మెట్లు దిగాడు. మూల పైపుల వెనక ఎర్ర అంకెలు తరుగుతున్నాయి. పెన్ను విప్పి తీగ కత్తిరించాడు. అంకె ఒకటి దగ్గర ఆగింది.

పైకి వచ్చేసరికి, చీఫ్ ముందే కబురుపెట్టిన అక్కడి పోలీసుల సైరన్లు వినిపిస్తున్నాయి. విక్టర్ కారును గేటు దగ్గరే ఆపేశారు. సరిత మాత్రం తలుపు పక్కనే నిలబడి ఒక్కో ముఖం చూస్తోంది. అందరూ వచ్చాక మళ్లీ మొదటి మనిషి దగ్గర్నుంచి చూసింది.

సారంగాపూర్ పోశం, అందరిలో పెద్దవాడు, ఆమె దగ్గరికొచ్చాడు. "మొగిలిని పోయిన వారమే ఏదో పనికని మీదికి తీస్కపోయిండ్రు బిడ్డా. మల్ల తేలే."

సరిత దేవేందర్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. ఎంతమంది శత్రువుల కళ్లలోకో సూటిగా చూసిన మనిషి, ఆ చూపుకి తట్టుకోలేకపోయాడు.

హైదరాబాద్ నుంచి మొగిలి శవమున్న పెట్టెతో అంబులెన్స్ బయలుదేరింది. పెట్టె పక్కన సరిత, ఎదుట దేవేందర్. చీఫ్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: మిషన్ సక్సెస్, ప్రాణనష్టం లేదు. మొగిలి మిషన్ మొదలవకముందే చనిపోయాడు కాబట్టి లెక్కలోకి రాడు.

మల్యాల దాటింది. పెట్టె మీద చెయ్యి వేసి సరిత అడిగింది.

"నిజం చెప్తే తలుపు తియ్యననుకున్నవా తమ్మీ?"

దేవేందర్ ఫోన్ జేబులో పెట్టేశాడు.

"తీద్దును. ఏడ్చుకుంటనన్న తీద్దును. ఆళ్లు గూడ ఎవలో ఒగల తమ్ముళ్లే గద."

ఆ ఆపరేషన్‌లో ఏజెంట్ ఒక్క పొరపాటు కూడా చెయ్యలేదని డిపార్ట్‌మెంట్ తేల్చింది.