పదకొండింటికి మిక్సీ వెయ్యకు

“ఈ రోజు పదకొండింటికి మన ఏజెంట్లు పన్నెండు మంది పేర్లు శత్రువు చేతికి పోతాయి,” అన్నాడు బాస్. “ఆ తర్వాత ఒక్కరూ మిగలరు.”

ఏజెంట్ పిచ్చుక వాచీ చూసుకున్నాడు. పది.

“ఎలా పోతాయి సార్? ఫోనా, రేడియోనా?”

“కరెంటు తీగల్లో. మన ఆఫీసులోనే ఏదో ప్లగ్గులో ట్రాన్స్‌మిటర్ ఉంది. రోజూ పదకొండింటికి హై ఫ్రీక్వెన్సీ సిగ్నల్ మామూలు కరెంటు మీద ఎక్కి పోతోంది.”

“మెయిన్ ఆపేద్దాం.”

“ఆపితే ముఠా జారుకుంటుంది. నాకు రిసీవర్ కావాలి. పాత మోటారు ఒకటి పక్కన తిరిగినా చెడిపోయేంత సున్నితం ఆ సిగ్నల్. ట్రాన్స్‌ఫార్మర్ కూడా దాటలేదు. మన ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవి వెనక క్వార్టర్స్ ఏడు.” బాస్ గొంతు తగ్గించాడు. “ఏడోది నీది.”

మీటర్ రీడర్ వేషం, అతికించిన మీసం, జేబులో డిటెక్టర్. ఆరిళ్ళు తిరిగాడు. ఏమీ దొరకలేదు.

ఏడో తలుపు అక్క తీసింది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆమే. ఇంట్లో ఉన్నా సినిమా తారలా తయారై ఉంటుంది.

“మీసం ఊడుతోందిరా,” అని నవ్వింది. “ఎవరి కొంప ముంచడానికి ఈ వేషం?”

“దాహంగా ఉందక్కా. మిక్సీలో కాస్త జ్యూస్ కొట్టివ్వు.”

“పదకొండు దాటనీ. ఇప్పుడు వోల్టేజి తక్కువ, మోటారు కాలిపోతుంది.”

రెండు నెలలుగా ఇదే మాట. ఇన్నాళ్ళూ జాగ్రత్త అనుకున్నాడు. ఇప్పుడు బాస్ చెప్పిన పాత మోటారు మాట గుర్తొచ్చింది.

వంటింటి గుమ్మం పక్కన అద్దం కింద హెయిర్ డ్రయ్యర్. ప్లగ్గులోనే ఉంది, లైటు వెలుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. జేబులో డిటెక్టర్ వణికింది.

“ఆ లిస్టులో నేనున్నానా అక్కా?”

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఏడో పేరు. నిన్ను వదిలెయ్యమని అడిగానురా. వాళ్ళు ఒప్పుకోలేదు.”

“పోనీలే, అడిగావు.”

ఆమె చేతిలో లిప్‌స్టిక్ అతని గుండెకి గురిపెట్టి ఉంది. అది లిప్‌స్టిక్ కాదు.

“కదలకు నాన్నా.”

చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాగే పిలిచేది.

గడియారం ముల్లు పన్నెండు మీదికి పాకుతోంది. పదకొండుకి ఐదు సెకన్లు. నాలుగు. పిచ్చుక చెయ్యి వెనక్కి చాపి స్విచ్ నొక్కాడు. ఖాళీ మిక్సీ గర్రుమంది. డ్రయ్యర్ లైటు పిచ్చిగా మినుకుమని ఆరిపోయింది. ఒక్క పేరు కూడా అందలేదు.

అక్క కాల్చలేదు. అంతమట్టుకు అక్కే.

బాస్ మనుషులు వచ్చి ఆమెను జీపెక్కించి తీసుకెళ్ళారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. పిచ్చుక వంటింట్లోకి వచ్చాడు. మిక్సీ ఆగిపోయి ఉంది, అడుగు నుంచి పొగ వస్తోంది.

మోటారు కాలిపోయింది. రెండు నెలల్లో అక్క చెప్పిన నిజం అదొక్కటే.